అతుకు గీతలు

రెండువేల నాలుగు వేసవిలో ఒంగోలు నుంచి ములకలపల్లిలోని మా చెల్లెలింటికి వెళ్తూ, నాన్న నాకు వదిలివెళ్లిన బొమ్మను వెంట తీసుకెళ్లాను. నూట నలభై ఏళ్ల కిందటి అమెరికా వారపత్రికలోని పేజీ అది. ఒక పక్క యుద్ధంలో సైనికుల గుడారం, మరో పక్క వాళ్ల కోసం ఇంట్లో మేజోళ్లు అల్లుతున్న ఆడవాళ్లు. బడికి వెళ్లని నాకు నాన్న ఇలాంటి బొమ్మలు చూపించి లోకాన్ని నేర్పారు. బొమ్మ మీద నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి సన్నని తెల్ల గీతలున్నాయి. మడతల దగ్గర రంగు పోయిందనుకుని, చెల్లెలి చేత నల్ల సిరాతో నింపిద్దామనుకున్నాను.

కొత్తగూడెంలో బస్సెక్కాక, పక్క వరుసలో ఉలుల సంచితో కూర్చున్న ముసలి వడ్రంగితో ఆ మాటే అన్నాను. ఆయన బొమ్మను కిటికీ వెలుగులో పట్టి చూశాడు.

"సిరా గిరా పెట్టకు బిడ్డా! ఇది మడత కాదు, అతుకు. కట్టె మీద చెక్కి అచ్చేసిండ్రు. గంత పెద్ద కట్టె దొరకక నాలుగు ముక్కలు జోడించిండ్రు. సందుల సిరా అంటక తెల్లగ పడ్డది."

"అమెరికా వాళ్ల పని మీకెలా తెలిసిందండీ?"

"అమెరికోడైతే ఏంది? కట్టె కట్టెనే గదా!" అని నవ్వాడు. "ముక్కకొక మనిషి చెక్కిండేమో. అయినా మేజోళ్లు అల్లే ఈ తల్లి చెయ్యి చూడు, అతుకు దాటినా సూది దారి తప్పలే."

ఆ రోజు ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టిన దేవుడికి స్తోత్రం. బొమ్మ ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. "చిరిగిందా?" అని ఎవరైనా అడిగితే, "కాదండీ, అతుకు. ములకలపల్లి బస్సులో ఒక వడ్రంగి చెప్పారు" అంటాను, మా నాన్న మాట చెప్పినంత గర్వంగా.