చెరుకాకు మీద నింద

ఏళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

చోడవరంలో నాకు మందుల షాపుంది. చదివింది ఫార్మసీ. చెరుకు కొట్టే కాలంలో నొప్పుల మందులకు గిరాకీ ఎక్కువ. ఆ రోజుల్లోనే వడ్డాది వైపు నుంచి రమణమ్మ వచ్చింది, చెరుకు కొట్టీ కొట్టీ ముంజెయ్యి లాగేస్తోందని. కీటోప్రోఫెన్ జెల్ ఇచ్చాను. మంచి మందే, నొప్పినీ వాపునీ తగ్గిస్తుంది. కాకపోతే దాని అణువులో రెండు బెంజీన్ వలయాల మధ్య ఒక కీటోన్ ఉంటుంది. ఆ అమరిక ఎండను పీల్చుకుంటుంది. రాసిన చోట ఎండ తగిలితే కొందరికి చర్మం పొక్కిపోతుంది. అందుకే మందు ఆపేశాక కూడా రెండు వారాలు ఆ చోటు కప్పుకోమంటారు. పరీక్షలో ఆ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఎండలో పనిచేసే మనిషికి ఆ ఒక్క ముక్క చెప్పలేదు. షాపు నిండా జనం ఉన్నారు. అదా కారణం? కాదు. తోచలేదు, అంతే.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ముంజెయ్యంతా బొబ్బలు.

"పొద్దున్నే రాసీసుకుని సేలోకెల్లేను బాబూ. సూడు, ఏటయిపోనాదో!"

చూడగానే నాకు తెలిసిపోయింది. తెలిసే అన్నాను: "చెరుకాకు పడలేదు నీకు. ఇంక తోటలోకెళ్ళకు."

"పుట్టిన కాణ్ణించి సెరుకులోనే ఉన్నాను గదా బాబూ. ఇప్పుడు పడకపోడవేటి?"

"వయసుతో ఒళ్ళు మారిపోద్ది" అన్నాను. మిగిలిన ట్యూబు తీసేసుకుని వేరే పూత మందు ఇచ్చాను. ఆకు గీరుకుని దద్దుర్లు రావడం ఇక్కడ మామూలే, ఎవరూ అనుమానించలేదు.

బొబ్బలు మానాయి. రమణమ్మ మాత్రం నా మాట నమ్మి చెరుకు పని మానేసింది. కౌలుకు చేస్తున్న చేను కూడా ఆ ఇంటివాళ్ళు వదిలేసుకున్నారు. ఇప్పుడు బస్టాండు దగ్గర హోటల్లో అంట్లు తోముతోంది. ఎందుకు భయపడ్డాను? నిజం చెబితే నాలుగు తిట్టి వెళ్ళిపోయేది. ఆ నాలుగు తిట్లు పడలేక ఒక మనిషిని తనకొచ్చిన పనికి దూరం చేశానని తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొన్న అనకాపల్లి బస్సులో నా ముందు సీట్లో కూర్చుంది. చెరుకు తోటలు రాగానే కిటికీ మూసి, కొంగు చేతికి చుట్టుకుంది. పక్కావిడకి నన్ను చూపించి, "ఈ బాబే సెప్పేడు నాకు సెరుకు పడదని. నేకపోతే ఏటయిపోదునో" అంది.

నేను నవ్వాను.

తప్పు చెరుకుది కాదు, నాది. ఆమెకు ఇంకా చెప్పలేదు. కనీసం మీకు చెప్పాను. ఇవాళ కాస్త ఊపిరాడుతోంది.