బియ్యపు గింజంత ఎత్తు

పొద్దున్నే కళ్ళజోళ్ళ షాపు షట్టరు సగం లేపి, ఆమె మొదట చేసే పని మెట్లు దిగడం. ఎవరో నప్పలేదని వదిలేసి వెళ్ళిన దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో చూపించే పాత ప్రోగ్రెసివ్ కళ్ళజోడు ఒకటి సొరుగులో ఉండేది. అది పెట్టుకుని, గోడ పట్టుకోకుండా, షాపు ముందున్న మూడు మెట్లూ దిగి మళ్ళీ ఎక్కేది. ఆ అద్దాల నంబరు ఆమెది కాదు కాబట్టి నేల ఉబ్బి పైకి వచ్చినట్టుండేది, మెట్టు ఉన్నచోట ఉండేది కాదు. పేపరు వేసే అతను సైకిలు ఆపి, “ఇంకా నడక రాలేదా అక్కా?” అని రోజూ అడిగేవాడు. “నువ్వు బ్రేకులు నేర్చుకునేలోపు నేర్చుకుంటాలే” అనేది.

ఎందుకిదంతా అని ఎదురింట్లో ఉండే మా అమ్మ ఒకసారి అడిగితే, “నేల ఊగడం ఎలా ఉంటుందో నేనే మర్చిపోతే, వచ్చినవాళ్ళ భయం నాకెలా తెలుస్తుందండీ?” అంది. మా అమ్మకి మొదటి ప్రోగ్రెసివ్ జోడు అలవాటు చేసింది ఆమే. అందరూ ఆమెని కళ్ళజోళ్ళక్క అనేవారు.

షాపు అన్నదమ్ములిద్దరిదీ. ఆమె భర్త వెనక గదిలో మిషను దగ్గర అద్దాలు ఫ్రేముకి తగినట్టు అరగదీసేవాడు. ముందు కౌంటరు మరిదిది. మనిషి గుమ్మానికి తల తగిలేంత పొడుగు, మోకాళ్ళు మాత్రం అరిగిపోయినవి. ఫ్రేము ముఖానికి పెట్టి, కనుపాప ఎక్కడికి వస్తుందో అద్దం మీద మార్కరుతో చుక్క పెట్టడం అతని పని. అద్దం తయారుచేసే కంపెనీవాళ్ళు ఆ చుక్కని బట్టే పైన దూరం చూపూ, కింద దగ్గర చూపూ అమరుస్తారు. జోడు తయారై వచ్చాక కిటికీ పక్క కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి నేర్పేది ఆమె.

“ఎటు చూడాలో అటు ముక్కు తిప్పండి. కళ్ళొక్కటే తిప్పితే పక్కలు నీళ్ళలా కదులుతాయి. చదివేటప్పుడు తల దించకండి, కళ్ళు దించండి. మెట్లు దిగేటప్పుడు మాత్రం గడ్డం దించండి, అప్పుడు పై అద్దంలోంచి మెట్టు కనిపిస్తుంది. కొత్త కోడలు లాంటిదండీ ఇది. కొన్నాళ్ళు మీరు దానికీ అది మీకూ సర్దుకోవాలి.” అలా చెబుతూ పెద్దవాళ్ళని మెట్ల దాకా తీసుకెళ్ళేది. మోచేతి కింద చెయ్యి ఉంచేది గానీ పట్టుకునేది కాదు. పట్టుకుంటే వాళ్ళకి చిన్నతనంగా ఉంటుందని.

అంత ఓపికమనిషికి కోపం వస్తే ఎలా ఉంటుందో టైలరమ్మ పడిపోయిన వారం చూశాను.

టైలరమ్మ ఆ వీధి చివర మేడ మీద గదిలో ఒంటరిగా ఉంటూ బట్టలు కుట్టేది. దారం ఎక్కించడానికి ఒక జోడు, వీధిలోకి ఒక జోడు మార్చుకోలేక ప్రోగ్రెసివ్ చేయించుకుంది. మొదటి రోజునుంచీ గడ్డం ఎదురొమ్ముకి ఆనించి నడిచేది. కళ్ళజోళ్ళక్క అది చూసి ముచ్చటపడింది. “చూడండి, చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. ఈమెని చూసి నేర్చుకోండి” అని కుర్చీలో ఉన్నవాళ్ళకి చూపించేది కూడా. మెడ నొప్పిగా ఉందక్కా అంటే, అలవాటవుతుంది చెల్లీ అంది. తల ఎత్తితే వీధి మసకేస్తోందక్కా అన్నా అదే మాట చెప్పింది.

తర్వాత ఒక పొద్దున టైలరమ్మ తన మేడమెట్ల మీదనుంచి పడింది. కత్తెర పట్టే చెయ్యి మణికట్టు దగ్గర బెణికింది.

విని కళ్ళజోళ్ళక్క పరుగున వెళ్ళింది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. కళ్ళజోడు డబ్బాలో పెట్టి ఉంది. చేతికి కట్టుతో టైలరమ్మ మంచం అంచున కూర్చుని, తప్పు చేసిన పిల్లలా నవ్వింది.

“మీరేం అనుకోకండక్కా. అందరికీ అలవాటైంది, నాకే కాలేదు. నా బుర్రే మొద్దు. చెయ్యి బాగయ్యాక కూడా కుట్టడం మానేద్దామనుకుంటున్నా. మా అన్నయ్య వాళ్ళింట్లో ఓ మూల పడుంటాను.”

“అన్నయ్య రమ్మన్నాడా?”

“వదిన రావద్దనలేదు” అంది టైలరమ్మ.

కళ్ళజోళ్ళక్క డబ్బా తెరిచింది. ప్రోగ్రెసివ్ అద్దం మీద వెలుతురుకి ఎత్తి చూస్తే తప్ప కనపడని సన్నని గుర్తులుంటాయి. వాటిని కిటికీ వెలుగులో వెతికి పట్టుకుని, వాటిని బట్టి కనుపాప ఉండాల్సినచోట చుక్క పెట్టింది. జోడు టైలరమ్మకి పెట్టి, తను నేలమీద మోకాళ్ళు ఆనించి, ఆమె కళ్ళకి సరిగ్గా తన కళ్ళు ఎదురుగా ఉండేలా చూసుకుంది. చుక్క కనుపాప మీద లేదు. పైరెప్ప మీద ఉంది.

అంటే దగ్గర చూపు రావలసిన చోటికంటే పైకి వచ్చేసింది. దూరం చూడాలంటే ఆ మనిషి గడ్డం దించక తప్పదు. ఇన్నాళ్ళూ బుద్ధిగా పాఠం వింటోందని తను మెచ్చుకున్నది ఆ అవస్థని.

“చెల్లీ, నీ బుర్రలో ఏం లేదు” అంది లేస్తూ.

“అదే కదక్కా నేనూ అంటున్నా.”

ఇంకో రోజైతే ఆ మాటకి నవ్వేది. ఆవేళ నవ్వలేదు.

ఆమె షాపు మెట్లు ఎక్కిన తీరుకే మరిది కౌంటరు వెనక లేచి నిలబడ్డాడు. కళ్ళజోడు అతని ముందు పెట్టింది.

“ఇది కొలిచినప్పుడు నువ్వు కూర్చున్నావా, నుంచున్నావా?”

“ఏంటి వదినా, వచ్చీ రాగానే...”

“అడిగినదానికి చెప్పు.”

“నుంచునే. నా మోకాళ్ళ సంగతి నీకు తెలీదా? మనిషి మనిషికీ వంగి లేస్తే సాయంత్రానికి నన్ను మోసుకెళ్ళాలి. అయినా కొత్తలో అందరూ ఇలాగే అంటారు, అలవాటవుతుంది.”

“ఆ మాట అనకు” అంది. గొంతు పెంచలేదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నంబరు లేని ఉత్త అద్దాల ఫ్రేము ముఖానికి పెట్టి, అతను అందరికీ చేసినట్టే మీదనుంచి చూస్తూ చుక్క పెట్టింది. తర్వాత ముక్కాలి పీట లాక్కుని ఎదురుగా కూర్చుని ఇంకో చుక్క పెట్టింది. ఫ్రేము తీసి చేతికిచ్చింది. రెండు చుక్కల మధ్య బియ్యపు గింజంత ఎడం ఉంది.

“ఇంతే. ఈ గింజంత ఎత్తుకి ఆ మనిషి మెట్టు తప్పింది. మెట్టు తప్పింది పోనీ, తన బుర్ర మొద్దనుకుంటోంది. మిషను మూసేసి వదిన చేతికూడు తినడానికి సిద్ధపడుతోంది. నీ మోకాళ్ళు నొప్పెట్టకుండా ఉండటానికి ఇంకొకరి తల వంచావు.”

అతని మొహం ఎర్రబడింది. “అద్దం మళ్ళీ చెయ్యమంటే తప్పు మాదేనని కంపెనీకి చెప్పుకోవాలి. అంతా నా నెత్తినే రుద్దకు. గడ్డం దించమన్నది ఎవరు? అలవాటవుతుందని ఆమెకి వారాల తరబడి చెప్పింది ఎవరు?”

వెనక గదిలో మిషను చప్పుడు ఆగింది.

“నేనే” అంది. “నీకు చుక్క తప్పింది, నాకు మనిషే తప్పింది. కళ్ళెదురుగా కూర్చుని మెడ నొప్పంటే వినలేదు. నీమీద కోపం సగమే, మిగతాది ఎవరిమీదో అడక్కు. తప్పు మనదని కంపెనీకి నువ్వు చెప్పు. తర్వాత ఆమె గుమ్మంలోకి వెళ్ళి, నీ బుర్ర తప్పు కాదమ్మా, నా చుక్క తప్పు అని నీ నోటితో చెప్పు. అంతవరకూ ఈ కిటికీ పక్క కుర్చీలో నేను ఎవరికీ ఏమీ నేర్పను.”

కోపం మనిషిని దేవుడికి దూరం చేస్తుందని మా బడిలో చెప్పారు. ఆవిడ కోపం చూసినప్పుడు అలా అనిపించలేదు. ఎవరి కన్నీళ్ళో తుడవడానికి వచ్చిన కోపంలా ఉంది.

భర్త తలుపు దగ్గరికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. “వెళ్ళరా” అన్నాడు తమ్ముడితో. “మీ వదిన ఇంటికొచ్చి వంటగదిలో కూడా పని మానేస్తే నా గతేంటి?”

మరిది రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఆమె కౌంటరు దుమ్ము దులుపుతూ కూర్చుంది, కిటికీ పక్క కుర్చీ ఖాళీగానే ఉంది. మూడోనాడు అతను కంపెనీకి ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాడు. సాయంత్రం టైలరమ్మ మేడమెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. ప్రతి మెట్టుకీ మోకాళ్ళు కలుక్కుమంటుంటే, మెట్లంటే ఏమిటో అతనికీ తెలిసింది. గుమ్మంలో నిలబడి, చెప్పమన్న మాట చెప్పాడు. మరోసారి కొలవడానికి టైలరమ్మ కుట్టుపీట మీదే కూర్చున్నాడు, మోకాళ్ళు చెవుల దాకా వచ్చేలా.

కొత్త అద్దాలు వచ్చిన రోజు టైలరమ్మ షాపు మెట్ల మీద నిలబడి వీధి చివరిదాకా చూసింది, తల ఎత్తి. దిగేటప్పుడు కొంచెమే గడ్డం దించింది. మెట్టు ఉన్నచోటే ఉంది. “అక్కా, వీధి ఇంత పొడుగా?” అంది.

కళ్ళజోళ్ళక్క లోపలికి చూసింది. మరిది ముక్కాలి పీట మీద కూర్చుని ఎవరో ముసలాయనకి ఫ్రేము సరిచేస్తున్నాడు. మధ్యమధ్య మోకాలు రుద్దుకుంటున్నాడు. ఆమె మొహంలో కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

“చెల్లీ, చెయ్యి నొప్పి తగ్గిందా?”

“తగ్గిందక్కా. నిన్నే మిషను తొక్కాను.”

“అయితే నాకో సాయం చెయ్యి. ఆ పీటకి ఒక మెత్త కుట్టిపెట్టు. మందంగా వద్దు. ఎత్తు పెరిగితే మళ్ళీ మొదటికొస్తుంది.”