సముద్రానికి పట్టుకెళ్లిన మంచినీళ్లు

లాడ్జి మేనేజరు మాకు సముద్రాన్ని మూడు పసుపుపచ్చ చీటీలుగా చింపి ఇచ్చాడు. పొద్దున్నే బస్సు ఎక్కించుకుని, మూడు బీచ్‌లు చూపించి, మధ్యలో భోజనం పెట్టించి, చీకటిపడే వేళకు మళ్లీ లాడ్జి ముందే దించుతారట. తెలుగు మాట్లాడే గైడు కూడా ఉంటాడట. నాయిన ఆ చీటీలను చొక్కా లోపలి జేబులో పెట్టుకుని మెట్లెక్కి గదిలోకి వచ్చాడు. నార్కట్‌పల్లి బస్టాండులో పూటంతా నిలబడాల్సి వచ్చినా ఒక్క చాయ కొనుక్కు తాగని మనిషి ఆయన. నల్లగొండలో పనిబడితే ఇంటినుంచి సద్ది కట్టుకుని పోయేవాడు. అలాంటి మనిషి మద్రాసులో సముద్రం చూడటానికి టికెట్లు కొన్నాడు.

అమ్మ మెడ తిరగదు. ఎవరినైనా చూడాలంటే పాదాలతో సహా మనిషి మొత్తం తిరగాలి. మంచం కోడు పట్టుకుని అలా మెల్లగా తిరిగి, ఆయన మొహాన్ని చాలాసేపు చూసింది.

"సముద్రమా?" అన్నది.

"ఆఁ. గింత దూరం వచ్చినం. చూడకుంట పోతమా?"

"పోదాం తియ్యి" అన్నది అమ్మ. ఇంకేమీ అడగలేదు.

అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. తొంభైల మొదట్లో మాట. మాది నల్లగొండ జిల్లాలో బోరింగు నీళ్లు తాగే ఊరు. బావులు ఎండిపోయాక సర్కారు వాళ్లొచ్చి భూమిలోకి లోతుగా గొట్టం దింపి చేతిపంపు పెడితే, ఊరంతా దానికి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టిందట. ఆ నీళ్లు చల్లగా, తియ్యగా ఉండేవి. వాటిలో ఫ్లోరిన్ ఉందని మాకు తెలిసేసరికి పిల్లల కాళ్లు వంకర్లు పోయాయి, పెద్దవాళ్ల నడుములు కొయ్యబారాయి. అమ్మకు అప్పటికి నలభై కూడా నిండలేదు. ముందుకు వంగిన మనిషి అలాగే బిగుసుకుపోయింది. కింద కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు. తన జడ తను వేసుకోలేదు.

అందుకే మా ఊరివాళ్లకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ఊరికి పోయినా వెంట ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని పోయేవారు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా, దవాఖానకు పోయినా, వచ్చేటప్పుడు అక్కడి నీళ్లు నింపుకుని వచ్చేవారు. ఇంటికొచ్చిన చుట్టం మిఠాయి తెచ్చాడా లేదా అని చూసేవాళ్లం కాదు, డబ్బా తెచ్చాడా లేదా అని చూసేవాళ్లం. కొత్త ఊరి నీళ్లు దొరికితే అమ్మ ఒక గుక్క నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి, "గివి మంచియే" అనో "గివి గూడ మన లెక్కనే ఉన్నయి" అనో తేల్చేది. ఆ పరీక్షకు అర్థం లేదని మా సైన్సు సారు చెప్పాడు. ఆ విషం రుచికి దొరకదట. అయినా అమ్మ మానలేదు, మేమూ నమ్మడం మానలేదు. ఏదో ఒకటి నమ్మాలి కదా.

మద్రాసులో పెద్ద డాక్టరు వెన్నెముకకు ఆపరేషన్ చేస్తాడని నల్లగొండలో ఎవరో చెబితే పోయాం. ఎన్ని రోజులు ఉంచుకుంటారో ఏమోనని మూటల నిండా బట్టలు పెట్టుకుని పోయాం. ఆయనకు ఒక్క పొద్దు చాలింది. ఎక్స్‌రేలు వెలుతురుకు పట్టి చూసి, అమ్మను బయట బల్ల దగ్గరే ఉంచి, నాయిననూ నన్నూ లోపలికి పిలిచాడు. ఎముకలన్నీ అతుక్కుపోయాయన్నాడు, ఇది కత్తితో విడదీసేది కాదన్నాడు, ముందు ముందు కాళ్లు కూడా పడిపోతాయన్నాడు. తర్వాత నా పళ్లవైపు చూశాడు. మా ఊళ్లో అందరి పళ్లూ అంతే, బెల్లం మరకలు పడ్డట్టు ఉంటాయి. "ఈ అమ్మాయికైనా నీళ్లు మార్చండి" అన్నాడు. నీళ్లు మార్చడమంటే చొక్కా మార్చడం అనుకున్నాడేమో మహానుభావుడు. నాయిన ఆయనకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. నాకు ఆ దండం చూసి ఒళ్లు మండిపోయింది.

బయటికొచ్చేముందు నాయిన నా చెయ్యి పట్టుకుని, "అమ్మకు చెప్పకు. మందులు రాసిచ్చిండు, మల్ల రమ్మన్నడు అని చెప్పుదాం" అన్నాడు. అలాగే చెప్పాం. మా తిరుగు రైలు ఎల్లుండికి. మధ్యలో ఒక రోజు ఖాళీగా మిగిలింది. నాయిన ఆ ఖాళీలోకి సముద్రాన్ని తెచ్చాడు. ఆయన దగ్గర అమ్మకు ఇవ్వడానికి ఇంకేమీ లేదు.

పొద్దున్నే డబ్బా నింపడం దగ్గర మొదటి గొడవ. మద్రాసుకే నీళ్లు లేవు. వీధి మలుపులో లారీ కోసం రంగురంగుల బిందెలు బారులు తీరి ఉన్నాయి. లాడ్జిలో గదికి ఒక బకెట్ ఇచ్చేవారు. నాయిన డబ్బాతో నిలబడితే మేనేజరు మూతి ముడిచాడు. నాయిన బతిమాలి, బతిమాలి నింపించాడు. బస్సు ఎక్కబోతుంటే గైడు డబ్బా చూసి, "కిరసనాయిల్ బస్సులో తేకూడదు పెద్దాయనా" అన్నాడు. మెడలో విజిల్, నెత్తిన తెల్ల టోపీ. నాయిన మూత తీసి అందరి ముందు గటగటా తాగి చూపించాడు. బస్సులో జనం నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. అమ్మ ఒక్కతే నవ్వలేదు. "జర పొదుపుగ తాగయ్యా" అన్నది.

అమ్మను మెట్లెక్కించడానికి నేను పైనుంచి లాగితే నాయిన కింది నుంచి ఎత్తాడు. సీటులో ఆమె కూర్చోవడమంటే కూర్చోవడం కాదు, గోడకు నిచ్చెన ఆనించినట్టు ఆనించడమే.

మొదటి బీచ్ ఊళ్లోనే ఉంది. "ఇరవై నిమిషాలు" అని గైడు విజిల్ ఊది చెప్పాడు. అందరూ చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తారు. మేము అమ్మను కిందికి దించి, ఇసుకలోకి నడిపించాం. ఆ ఇసుక ఎంత వెడల్పో చూసినవాళ్లకు తెలుసు. అమ్మ పాదం ఎత్తి వేయదు, ఈడుస్తుంది. ఈడ్చిన ప్రతిసారీ పాదం ఇసుకలో దిగబడిపోయింది. నీళ్లు ఇంకా ఎక్కడో దూరంగా ఉండగానే విజిల్ వినిపించింది. తడిసిన పంచెలతో, చీరలతో నవ్వుకుంటూ అందరూ మమ్మల్ని దాటుకుని వెనక్కి పోయారు. మేము కూడా తిరిగాం. అమ్మ తిరగడానికే కాసేపు పట్టింది. ఆ గైడు మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పాపం అతనేం చేస్తాడు, అతని గడియారం అతనిది. అయినా వచ్చింది.

బస్సు ఊరు దాటాక గైడు మైకులో, "ఎడమపక్క చూడండి, సముద్రం" అన్నాడు. అందరి తలలూ ఒక్కసారిగా ఎడమకు తిరిగాయి. మేము కుడిపక్క ఉన్నాం. అమ్మ ముందు సీటు వెనకభాగం చూస్తూ ఉండిపోయింది. దాని మీద చిరిగిన రెగ్జిన్, లోపలి నుంచి కొబ్బరి పీచు. "వచ్చేటప్పుడు మనదిక్కే ఉంటది" అన్నాడు నాయిన. పక్క వరుసలో కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చాలాసేపటి నుంచి మమ్మల్నే గమనిస్తూ ఉంది. ఉండబట్టలేక, "అమ్మగారు ఎక్కడైనా పడ్డారాండీ?" అని అడిగింది.

"పడలేదమ్మా. మా ఊరి నీళ్లు తాగిన, గంతే" అన్నది అమ్మ.

ఆవిడకు అర్థం కాలేదు. నేను చెప్పబోతే అమ్మ నా మోచేయి నొక్కింది. వద్దులే అని.

రెండో బీచ్‌లో అమ్మ బస్సు దిగనన్నది. సరుగుడు చెట్ల సందుల్లోంచి గాలి ఉప్పగా కొట్టింది. ఎండ మండిపోతోంది. నాయిన డబ్బా మూతలో నీళ్లు పోసి అందించాడు. అమ్మ పెదవులు తడుపుకుని మూత తిరిగి ఇచ్చేసింది. "దూప లేదు" అన్నది. మధ్యాహ్నం హోటల్లో కూర కారంగా ఉండి నా కళ్లవెంట నీళ్లు కారాయి. అమ్మ చారన్నం రెండు ముద్దలు తిని, నీళ్లు ముట్టకుండా లేచింది. ఆమె పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి.

"తాగరాదే" అన్నాడు నాయిన.

"వద్దయ్యా."

నాకు కారణం తెలుసనుకున్నాను. ఆడవాళ్లకు ప్రయాణంలో నీళ్లు తాగాలంటే భయం. ఎక్కడికి పోవాలి? అందులోనూ అమ్మ వంగి కూర్చోలేని మనిషి. నాయిన కూడా అదే అనుకుని ఉంటాడు, ఇంకేమీ బలవంతం చేయలేదు.

చివరిది మహాబలిపురం. ఇక్కడ చూసేది చాలా ఉందని గైడు గంటకు పైనే సమయం ఇచ్చాడు. అందరూ రాతి గుళ్ల వైపు పోయారు. నాయిన మాత్రం చెప్పులు విడిచి, అమ్మ ముందు వంగి, "ఎక్కు" అన్నాడు. అంతమంది మధ్య ఆయన అలా అంటాడని నేను అనుకోలేదు. అమ్మ కాళ్లు వంగవు కాబట్టి వీపున సరిగ్గా ఎక్కలేదు. మూట ఎత్తినట్టు ఎత్తుకుని, ఆగి ఆగి, నీళ్ల దాకా తీసుకుపోయి నిలబెట్టాడు. నేను వెనక నుంచి పట్టుకున్నాను. ఒక అల వచ్చి ఆమె మోకాళ్ల దాకా తడిపి పోయింది. కాళ్ల కింద ఇసుక జారుతుంటే, "అమ్మో, గుంజుతాంది" అన్నది. చిన్నపిల్లలాగా నవ్వింది. ఆ నవ్వు విని నాయిన మొహం తిప్పుకుని సముద్రం వైపు నిలబడ్డాడు. ఆయన భుజాలు కదిలాయి. నాకు కూడా ఏడుపు ఆగలేదు. అలల చప్పుడు ఉంది కాబట్టి సరిపోయింది.

అమ్మ వంగి నీళ్లు ముట్టలేకపోయింది. నేను దోసిట్లో ఎత్తి ఆమె నోటి దగ్గర పెట్టాను. అలవాటు పోలేదు. ఒక్క చుక్క నోట్లోకి తీసుకుని, నాలుక మీద తిప్పి ఉమ్మేసింది.

"గీ నీళ్లే నయం బిడ్డా" అన్నది. "తాగద్దని నోట్లెయ్యంగనే చెప్తున్నయి. మనయి తియ్యగుండి పానం తీసినయి."

తిరుగు ప్రయాణంలో సముద్రం మా పక్కకే వచ్చింది కానీ, అప్పటికే మునిమాపు వేళ. కిటికీలోంచి ఏమీ తెలియడం లేదు. "కనవడుతాందా?" అని నాయిన ముందు సీటులోంచి అడిగాడు. "ఆఁ, మస్తుగ కనవడుతాంది" అన్నది అమ్మ. ఆయన తృప్తిపడి, కాసేపటికి కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

నేను డబ్బా తీసి, "అమ్మా, ఇంక లాడ్జి దగ్గరికొచ్చినం. ఇప్పుడన్న తాగు" అన్నాను.

"గవి నీకు" అన్నది.

"నాకెందుకు? నేను తాగిన."

"యాడ తాగినవ్? నాకు మిగలాలని నువ్వు గూడ పొద్దటి నుంచి రెండు గుక్కలే తాగినవ్." ముందు సీటు కడ్డీ మీద చెయ్యి వేసింది. "నాకు నయం గాదన్నడు గద డాక్టరు."

నాయిన నిద్రలోనే ఉన్నాడో లేదో చూశాను.

"నిన్న మీ నాయిన టికెట్లు తెచ్చినప్పుడే ఎరుకైంది. నయమైతదంటే గా పైసలు మందులకు దాసెటోడు. సముద్రం చూపిస్తడా? పాపం, ఆయనకు ఎరుకైనట్టు తెల్వనియ్యకు. సంబురంగ తిప్పిండు." గొంతు తగ్గించింది. "పొద్దున లేవంగ నీ నడుం పట్టుకుంటాంది. గోడ పట్టుకోని లేస్తున్నవ్. ఎవలకు చెప్పకుంటె నాకు తెల్వదా? నాకు గూడ గట్లనే మొదలైంది."

నిజమే. ఆ ఏడు చలికాలం నుంచి అలా ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. ఇప్పుడు అమ్మ నోటి నుంచి విన్నాక అది నిజమైపోయింది. బస్సులో అంతమంది ఉండగా, ఇంక మేము తప్పించుకునే దారి ఏదీ లేదని నాకు మొదటిసారి పూర్తిగా తెలిసింది. ఆ డబ్బాలో నీళ్లెన్ని? ఊరు చేరాక రెండు పూటలకు కూడా రావు. తర్వాత మళ్లీ అదే బోరింగు, అదే కడవ. ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు. అయినా ఆ ఉప్పు గాలిలో రోజంతా గొంతు ఎండబెట్టుకుంది.

"తాగు" అన్నది.

"అమ్మా, నువ్వు కూడా..."

"నాకు పోసి ఏం ఫాయిదా బిడ్డా? నువ్వు తాగు. నేను చూస్త."

డబ్బా ఎత్తాను. బస్సు కుదుపుకు కొన్ని నీళ్లు గడ్డం మీదుగా కారితే, "జర పైలం, కింద పొయ్యకు" అన్నది. తాగాను. పొద్దున అందరి తలలూ సముద్రం వైపు తిరిగినప్పుడు తిరగలేకపోయిన మనిషి, ముందు సీటు కడ్డీ పట్టుకుని, నడుముతో, మోకాళ్లతో, పాదాలతో మొత్తంగా నావైపు తిరిగింది. నేను మింగిన ప్రతి గుక్కనూ చూస్తూ అలాగే ఉంది.