బల్ల కిందికి వెళ్లే చెయ్యి

కొట్టు తెరవగానే దర్జీ చేసే మొదటి పని తన కుక్క నడుము కొలవడం. చిక్కకపోతే వెనక కాళ్లు పడిపోతాయని పశువుల డాక్టరు చెప్పినప్పటి నుంచి ఇదే వరస. తిండి సగానికి సగం తగ్గించాడు. అయినా టేపు ముప్పై నాలుగు దగ్గరే మొండికేసింది. ఇది ఆయనకు మింగుడుపడలేదు. "నువ్వే చాటుగా పెడుతున్నావ్!" అని పక్కన గుండీలు కుడుతున్న భార్య మీద ఎగిరాడు. "నా మీద పడతారేం? మీ ఎడమచేతిని అడగండి," అందామె. నిజమే. మిషన్‌లో దారం అయిపోయినప్పుడల్లా ఆయన ఒక బిస్కెట్ విరుస్తాడు. సగం తన నోట్లోకి, సగం బల్ల కిందికి. ఏళ్ల నాటి అలవాటు కనక చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది, ఆయనకు తెలియదు.

దర్జీ బిస్కెట్ల డబ్బా తీసి భార్య ముందు పెట్టాడు. మళ్లీ దారం అయిపోయింది. చెయ్యి మామూలుగానే కిందికి వెళ్లింది, ఖాళీగా. కుక్క వేళ్లన్నీ నాకి, ఏమీ లేదని తేల్చుకుని, ఆయన పాదం మీద తల వాల్చింది. "పాపం, ఎలా చూస్తోందో!" అన్నాడు. "చూడనివ్వండి. మీరు మాత్రం కిందికి చూడకండి," అందామె. నెల తిరిగేసరికి టేపు ముప్పై మూడున్నర చూపించింది. దర్జీ నమ్మలేక రెండోసారి కొలిచాడు. ఆనక భార్య అటు తిరిగినప్పుడు అదే టేపు తన నడుముకు చుట్టుకున్నాడు. అక్కడా అర అంగుళం తగ్గింది.