ఊపిరి తీసుకున్నంత సేపు

మా సాక్సోఫోన్ మాస్టరు పోయారు. కొత్తగూడెం నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేసి ఆ కబురు చెప్పేసరికి నేను ఆయన ఆల్బమ్ ముందేసుకునే కూర్చున్నాను. "ఇంకొక్క వారం ఆగలేకపోయారా మాస్టరూ!" అని కోపంగా పైకే అనేశాను. ఆ కోపం నా మీదే.

పెళ్లి బరాత్‌లలో ఊది ఇల్లు నడిపిన మనిషి. ప్రాణం మాత్రం జాజ్ మీద. గుర్రం కాసేపు ఆగితే చాలు, ఎవరూ అడగని వరస ఒకటి ఊదేసి, పెళ్లివాళ్లు తిరిగి చూసేలోగా మళ్లీ డాన్సు పాటలోకి దూరిపోయేవారు. వేడి చాయ్ పడనిదే సాక్సోఫోన్ ముట్టేవారు కాదు. నేను లోలోపల లెక్కపెట్టుకుంటూ కీబోర్డు వాయిస్తే ఎలా కనిపెట్టేవారో, "అంకెలు బంద్ చెయ్ బిడ్డా, జర విను" అనేవారు.

సొంత వరసలతో ఒక్క ఆల్బమ్. ఆయన కోరుకున్నది అంతే. అప్పటికే డెబ్బై దాటాయి, ఊపిరి అందడం లేదు. గిటారుకు అల్లుడు, డోలుకు ఒక కోయ పెద్దాయన, కీబోర్డుకు నేను. టేకులపల్లి దగ్గర ఇప్పపూలు నిలవచేసే రేకుల గదిలో రికార్డింగ్ పెట్టుకున్నాం. మత్తుగా పూల వాసన, బయట టేకు ఆకుల మీద వాన. ఆయన కళ్లు మూసుకుని ఊదుతుంటే గది మెల్లగా అడవిలోకి నడిచిపోతున్నట్టుండేది. నేనెక్కడున్నానో నాకే తెలిసేది కాదు.

చివరి పాట మధ్యలో ఆయనకు ఊపిరి చాల్లేదు. సాక్సోఫోన్ దించారు. మేమూ ఆగిపోయాం. రేకుల మీద వాన, ఆయన గాలి పీల్చుకుంటున్న చప్పుడు, అంతే. కాసేపటికి మళ్లీ అందుకుని పాట పూర్తి చేశారు.

నేను ఊరుకోవచ్చుగా! ఇంటికొచ్చి, పాట మొదటి భాగంలోంచి ఒక ముక్క కోసి ఆ ఖాళీలో అతికించాను. అతుకు ఎవరికీ తెలియదనుకున్నాను. మాస్టరు విని తల అడ్డంగా ఊపారు.

"ఇది నేనూదలే. నా దమ్ము నాకు వాపస్ ఇయ్యి బిడ్డా."

"జనం తప్పు వాయించారనుకుంటారు మాస్టరూ."

"అనుకోనీ. నేను గట్లనే ఊదిన గదా!"

సరేనన్నాను. పెళ్లిళ్ల సీజనని, అదని ఇదని నెల దాటించాను. ఈలోగా ఆయనే దాటిపోయారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఫోన్ వచ్చిన రోజే ఏడుస్తూ కూర్చుని అతుకు తీసేశాను. నలభై రోజులయ్యాక మాస్టరు భార్య తనే పిలిపించి ఆ పాట పెట్టమన్నారు. వాకిట్లో చాపల మీద చుట్టాలంతా కూర్చున్నారు. పాట సాగి సాగి ఆ చోటికి వచ్చి ఆగింది. అయిపోయిందనుకుని కొందరు లేవబోయారు.

ఆవిడ చెయ్యెత్తారు.

"జర ఆగుండ్రి. దమ్ము తీసుకుంటున్నరు."

సగం లేచినవాళ్లు అలాగే సగంలో ఆగి, స్పీకరు వైపు చూస్తూ ఉండిపోయారు.