గట్టు మీది కొంగ పాట

మా చిన్నతనంలో నాట్లు మొదలయ్యాయంటే నా ఉద్యోగం గట్టు మీదే... పామర్రు దగ్గర పొలాల్లో అమ్మమ్మ ముఠా నాట్లేస్తుంటే, తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో పిన్ని కొడుకుని ఊపడం. వాడికి నాలుగో నెల. నాకు తొమ్మిదేళ్లు.

పిల్లాడు లేచి ఏడిస్తే నేను కేకెయ్యకూడదు. వరసలోంచి ఒక్కరు తప్పుకున్నా పొలం ఆసామి ఊరుకునేవాడు కాదు. తెల్ల పంచె, తెల్ల కండువా, గొడుగు... పొద్దస్తమానం గట్టు మీదే కాపలా. అందుకని ఉయ్యాల మీద ఎర్ర తువ్వాలు వేసేదాన్ని. అది చూసి అమ్మమ్మ పాట ఎత్తుకునేది...

"ఒంటికాలి కొంగా, తెల్లరెక్కల కొంగా,
గట్టున పిల్లచేప ఏడ్చింది, నీళ్లల్లో తల్లిచేపని వదలవా..."

అందరూ అందుకునేవాళ్లు. పక్కవాళ్లు పిన్ని వరస కూడా వేసేస్తుంటే, పిన్ని వంగినది వంగినట్టే గట్టు చాటుకి జారుకుని, నేను అందించిన పిల్లాడికి పాలిచ్చి వచ్చేది. ఆసామికి అది ఉత్త కొంగ పాట. తల కూడా ఊపేవాడు!

నా నోరు ఊరుకుందా? ఓ రోజు ఆయన ముచ్చటపడి, "ఏవే పిల్లా, ఎవరే ఆ కొంగ?" అనడిగితే...

"మీరే కదండి బాబూ!" అనేశాను.

మర్నాటి నుంచి పాట బంద్. "నోరు మూసుకుని నాట్లెయ్యండి" అన్నాడు. ఉయ్యాల్లో వాడు గుక్కపట్టాడు. పిన్ని రవిక తడిసిపోతోంది... అయినా వంగిన నడుం ఎత్తలేదు. అంతా నా వల్లే.

అమ్మమ్మ చేతిలో నారుకట్ట నీళ్లలో పడేసి, నిటారుగా నిలబడి, ఆసామి మొహంలోకి చూస్తూ ఆ పాటే ఎత్తుకుంది. ఒక్కొక్కరుగా పద్నాలుగు మందీ లేచి నిలబడ్డారు.

"పీకిన నారు ఎండిపోద్దే ముసలీ!"

"ఎండనీండి బాబూ. బిడ్డ గొంతు ఎండిపోట్లేదా?"

ఆయన గొడుగు ముడిచి వెళ్లిపోయాడు. పిన్ని గట్టెక్కింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న మా అబ్బాయి ఏదో జమైకా రెగే పాట పెట్టి గంటసేపు పాఠం చెప్పాడు. "ఇది గెంతే పాట కాదమ్మా, తిరగబడిన పాట. ఒక్కో లైను వెనకా ఒక కథుంది" అని. మురిసిపోయాను. వారం తిరక్కుండా విజయవాడలో ఓ పెళ్లి రిసెప్షన్లో డీజే మోత... మా కొంగ పాట! "తల్లిచేపని వదలవా" తీసి పారేసి, "పిల్లచేప కన్నుకొట్టింది" అని పెట్టారు. ఈలలు, కేకలు. ముందు వరసలో గెంతుతున్నది ఎవరనుకున్నారు? మా సుపుత్రుడే!

ఒళ్లు మండిపోయింది. పాలకేడ్చే పసిగుడ్డు మీకు కన్నుకొట్టినట్టుందా? ఆ పాట కట్టిన వాళ్ల నడుములు ఎలా విరిగాయో తెలుసా? సిగ్గుండక్కర్లా!

వాణ్ణి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. "ఆ పాటేంటో తెలుసురా నీకు?" అని అరిచాను.

"నువ్వెప్పుడూ చెప్పలేదు కదమ్మా" అన్నాడు.

నిజమే. ఆ రోజు చెప్పకూడని చోట వాగాను... ఆ సిగ్గుతో, చెప్పాల్సిన చోట ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. నా కోపంలో సగం వాటా నాకే!

ఇప్పుడు మా పొలాల్లో నాట్లు మిషన్లే వేస్తున్నాయి. ఆ ముఠాలో మిగిలింది పిన్ని ఒక్కతే. మీ ఇళ్లల్లోనూ ఇలాంటి పాటలుంటే కింద రాయండి... ఎవరి మీద కట్టారో, ఎందుకు కట్టారో అది కూడా రాయండి. ముందు మీ పిల్లలకి చెప్పి, తర్వాత రాయండి.