సెన్సేషనల్ శశిధర్

చిన్న మంగళారం అనే ఊళ్లో ఉండే శశిధర్‌కు ఇంగ్లిష్‌లో బాగా నచ్చిన మాట ఒకటే: సెన్సేషనల్. అతని యూట్యూబ్ వార్తల ఛానల్‌లో ఆ మాట ఎర్రక్షరాలతో ముందే తయారుగా ఉంటుంది. వార్త ఏదైనా తర్వాత వచ్చి దాని కింద కూర్చోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలినా సెన్సేషనలే, సర్పంచ్ మీసం తీయించుకున్నా సెన్సేషనలే. అర్థమేమిటని అడిగితే, "జనం నోరు తెరవాలె, గంతే" అనేవాడు. ముప్పై నాలుగేళ్లొచ్చినా తల్లి బంతితోటలో ఒక్క పువ్వు తెంపని మనిషికి ఇలాంటి పరిశోధనకు తీరిక ఎక్కువే.

దసరా మూడు రోజులుందనగా తోట గట్టు మీద పెద్ద పెద్ద పాదాల జాడలు కనిపించాయి. శశిధర్ వెనకాముందూ చూడలేదు. 'సెన్సేషనల్! మన ఊళ్లో చిరుత!' అని వీడియో పెట్టేశాడు. మధ్యాహ్నానికి నలభై వేల మంది చూశారు. అతని కాళ్లు నేల మీద నిలవలేదు.

మర్నాడు పొద్దున పూలు తెంపే కూలీల ఆటో రాలేదు. ముడిమ్యాల నుంచి ఆడవాళ్లను తీసుకొచ్చే రేణుక ఫోన్‌లోనే దండం పెట్టేసింది.

"పులి తిరిగే తోటలకు ఎవలొస్తరన్న?"

తల్లి కౌసల్యమ్మ గుండెల్లో రాయి పడింది. మూడు నెలలు చంటిబిడ్డను సాకినట్టు సాకిన తోట. దసరా దాటితే ఆ పూల మొహం ఎవరూ చూడరు.

అంతలో పక్క ఫామ్‌హౌస్ కాపలాదారు స్వామిదాసు వచ్చి, జాడలు చూసి, పడీ పడీ నవ్వాడు.

"చిరుత లేదు గిరుత లేదన్న. మా సార్ కుక్క. దూడంత ఉంటది."

శశిధర్ సిగ్గు చంపుకొని ఇంకో వీడియో పెట్టాడు: 'అది కుక్క. భయపడకండి.' అరవై ముగ్గురు చూశారు. రేణుకకు తనే పంపి, చూసేదాకా ఫోన్ పెట్టలేదు. ఆమె నమ్మితేగా!

"దీని మీద సెన్సేషనల్ అని లేదు గదన్న. నిజమైతే పెడుదువు గద?"

ఇక చేసేదేముంది? తల్లీకొడుకులే బుట్టలు పట్టుకొని తోటలో దిగారు. పది గంటలకే అతని నడుము పడిపోయింది. సగం పూలైనా బండి ఎక్కవని ఇద్దరికీ తెలుసు.

"తప్పయిందవ్వా" అన్నాడు తలెత్తకుండా.

కౌసల్యమ్మకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కొంగుతో మొహం తుడుచుకొని, "ఫోనున్నదా?" అంది.

"ఉన్నది. ఎందుకు?"

"జనం నోరు తెరవాలె అంటివి గద బిడ్డ. నువ్వు పని చేస్తున్నవ్. తియ్యి వీడియో."